ఎర్రదొనలో కారే కళ్ళు

నమోదు 211

ఎర్రదొనలో పని మానేసిన ముసలివాళ్ళం వారానికోసారైనా ఏదో ఒకటి రాసి ఊరి భద్రపేటికలో వెయ్యాలని నియమం. తర్వాత పుట్టేవాళ్ళకు పనికొస్తుందట. ఎవరు వేసినా అంకెలు ఒకే వరసలో పడతాయి. నా తోటివాళ్ళు రాసినవి చదివాను. సగం మోకాళ్ళ గురించి, సగం కోడళ్ళ గురించి. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి, కోడలు లేదు. అందుకని మనవరాలి గురించి రాస్తున్నాను. గొప్పలు చెప్పుకుంటున్నానని ఎవరికైనా అనిపిస్తే, అది నిజమే.

నా పేరు ఓబుళమ్మ. ఈ ఊరి బడిలో జీవశాస్త్రం చెప్పాను. ఇప్పుడు ఊళ్ళో పెత్తనం చేస్తున్నవాళ్ళలో చాలామందికి కప్ప బొమ్మ గీయడం నేర్పింది నేనే. ఈ అంగారకుడి మీద కప్పను చూసినవాళ్ళెవరూ లేరు కాబట్టి నా బొమ్మకు వంక పెట్టినవాళ్ళూ లేరు.

మనవరాలి పేరు చిత్రావతి. మా పూర్వీకులు భూమ్మీద వదిలివచ్చిన నదుల పేర్లు ఇక్కడి ఆడపిల్లలకు పెట్టుకుంటాం. నా కూతురు కుందు, దాని కూతురు చిత్రావతి. ఆ నదుల్లో ఏడాదికి ఎన్నాళ్ళు నీళ్ళు పారేవో చరిత్ర చదివినవాళ్ళకు తెలుసు. బారసాల రోజున మాత్రం ఎవరూ దాని ఊసెత్తరు.

చిత్ర మంచుచూపరి. నేల అడుగున గనిలో గోడ ముందు కూర్చుని, దుర్భిణిలోంచి రాతిని చూస్తుంది. దాని చూపు ఎటు కదిలితే కోతయంత్రం అటు కోస్తుంది. రెప్ప వేస్తే ఆగుతుంది. రాయీ బూడిద రంగే, అందులో ఇరుక్కున్న మంచూ బూడిద రంగే. రెండింటి మధ్య ఉన్నదల్లా ఒక రవ్వంత మెరుపు. ఆ మెరుపును పట్టుకునే కన్ను తరానికి ఒకరిద్దరికి ఉంటుంది. మేం తాగే ప్రతి గుక్కా అలా ఎవరో ఒకరు చూసి తీసినదే. ఈ తరంలో ఆ కన్ను మా ఇంట్లో ఉంది.

రెప్ప వెయ్యకుండా ఎంతసేపు కొయ్యగలరన్నదే మంచుచూపరులకు పరువు. పిల్లలు వీధిలో అదే పందెం ఆడుకుంటారు. పెళ్ళిచూపుల్లో కూడా ఆ మాట ఒకటి అడుగుతారు, జీతం అడిగినంత మామూలుగా.

ఇంత గొప్ప కన్ను కొన్నాళ్ళుగా కారుతోంది. ఇవాళ చిత్ర ఇంటికొచ్చేసరికి బుగ్గలు రెండూ తడి.

"అవ్వా, కండ్లల్లో ఇసుక పోసినట్టుండాది," అంది. "మద్దేనం నుంచి గోడ మసగ్గా కనపడతాండాది. రెప్పేస్తే తేటగా ఉంటాది, మళ్ళా మసకే."

గనిలో ఎవరితోనైనా చెప్పావా అని అడిగాను. చెబితే రెప్ప వేస్తున్నానని తెలిసిపోతుంది కదా అంది. పౌరుషం దానికి ఎవరి నుంచి వచ్చిందో నేను రాయక్కర్లేదు.

నమోదు 212

చెప్పకపోయినా తెలిసిపోయింది. ప్రతి వీధి మొదట్లో కొలతగడప ఉంటుంది. దాటినప్పుడల్లా మన ఒంట్లోంచి ఎంత తడి గాలిలో కలుస్తోందో లెక్క తీస్తుంది. చిత్ర దాటితే అది గంట కొడుతోంది.

ఆ గంట విని వచ్చినవాడు నీరగంటి కదిరప్ప. నీరగంటి అంటే పూర్వం మా వైపు పొలాలకు నీళ్ళు వదిలే మనిషి. ఇక్కడ తాగేవీ, ఉతికేవీ, ఊపిరితో వదిలేవీ, అన్ని నీళ్ళూ అతని లెక్కలోవే. కదిరప్ప చెడ్డవాడని ఎవరూ అనలేరు. గని మూతపడిన కరువులో తన వంతు నీళ్ళు పక్కింటి బాలింతకు పోసి, నాలుక పగిలి పడున్నవాడు. నా కంటే చిన్న, నన్ను అక్కా అంటాడు. అతనితో ఒకటే చిక్కు. లోకంలో ఉన్న ప్రతి బాధనూ నీళ్ళు ఎక్కువవడం, నీళ్ళు తక్కువవడం అని రెండే రకాలుగా చూస్తాడు.

గనిలో పనిచేసేవాళ్ళకు రోజూ కంటిచుక్కలిస్తారు. ఉత్త నీళ్ళే, కాస్త ఉప్పు కలిపినవి. కళ్ళు ఎండినవాళ్ళకు ఎక్కువ, ఎండనివాళ్ళకు తక్కువ. చిత్ర బుగ్గలు చూసి కదిరప్ప దానికి చుక్కలు ఆపేశాడు. పైగా కళ్ళ కింద పెట్టుకోవడానికి దొప్పలిచ్చాడు. కారిన నీళ్ళు వాటిలో పట్టి సాయంత్రం ఊరి తొట్టిలో పొయ్యాలి.

"పిల్ల దగ్గర నీళ్ళు పొంగుతాండాయి అక్కా," అన్నాడు సంతోషంగా. "ఇంత సంపద నేనెవురి దగ్గరా చూళ్ళేదు."

పిల్లకు కళ్ళు ఎండిపోయి కారుతున్నాయేమో ఆలోచించమన్నాను. అతను నా వైపు జాలిగా చూశాడు. ఎండినది కారడమేమిటని ఆ చూపుకు అర్థం. ఈ ఊళ్ళో ఎవరినడిగినా అదే అంటారు. నీళ్ళు కనబడితే చాలు, చేతులు జోడించే జనం మేం.

వీధిలో ఇంకో కథ కూడా పుట్టింది. పిల్ల ఎవరి మీదో మనసు పడి ఏడుస్తోందట. ఎవరో పేరు కూడా చెప్పారు. ఆ పేరు గల అబ్బాయి సాయంత్రం తలదువ్వుకుని మా గుమ్మం ముందు రెండుసార్లు తిరిగాడు. నేను తలుపేశాను.

నమోదు 214

ఇవాళ చిత్ర కోత తప్పింది. మసక కమ్మిన క్షణంలో చూపు జారి, యంత్రం రాతిలోకి పోయి దాని కోతపన్ను విరిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఊరిపెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. గనిలో కొత్తగా కొయ్యబోయే ఉత్తరపు గోడ తెరిచే రోజుకు దాని చూపు తేటపడకపోతే గనిలోంచి తీసేసి మడ్డిగదికి పంపిస్తారు. అక్కడ ఊరి మురుగును వడకడతారు. గౌరవమైన పనే, కాదనను. పక్షికి కూడా నడక గౌరవమైన పనే.

చిత్రను తీసుకుని డాక్టర్ మహబూబ్ బాషా దగ్గరికి వెళ్ళాను. బాషా నా విద్యార్థి. కప్ప బొమ్మ అందరికంటే బాగా గీసినవాడు. నన్ను ఇప్పటికీ మేడం అంటాడు, నేను లోపలికెళితే ఇప్పటికీ లేచి నిలబడతాడు.

కంటి రెప్పలో కాగితప్పట్టీ పెట్టి చూసేదే ఇక్కడి పరీక్ష. తడిస్తే కళ్ళు మంచివి, తడవకపోతే ఎండినవి. చిత్ర పట్టీ ఇట్టే తడిసి గడ్డం మీదికి కారింది. నియమం ప్రకారం ఇక నేనేం చెయ్యలేను మేడం అన్నాడు బాషా. అతని గొంతులోనే అనుమానం ఉంది.

"ఏమప్పా, వరదొచ్చినాక నది కొలిస్తే ఎట్ల?" అన్నాను. "పొంగిన నీళ్ళు తుడిచేసి, రెప్ప అంచున అంటుకోనుండే ఆ కొంచెం తీసి చూడు. దాంట్లో ఉప్పెంతుందో చూడు."

కన్నీటిలో ఉప్పు కొలిచే పరికరం ఆసుపత్రిలో లేదు. మంచు కరిగించాక ఉప్పు చూసే పరికరం గనిలో ఉంది. సూదిమొనంత చుక్క చాలు దానికి. బాషా దాన్ని అడిగి తెప్పించాడు. ఎందుకని గనివాళ్ళు అడిగితే సూపు రుచి చూడ్డానికని చెప్పాడట. కప్పలు బాగా గీసేవాళ్ళు అబద్ధాలు బాగా ఆడలేరు.

రెప్ప అంచున ఉన్న చుక్క తాగడానికి పనికిరాని ఉప్పు మంచు అంత ఉప్పగా ఉంది.

అప్పుడు బాషా కంట్లో ఆకుపచ్చ రంగుచుక్క వేసి, నీలం దీపం పెట్టి, పెద్ద తెర మీద చూపించాడు. బాగున్న కంటి ఉపరితలం అద్దంలా ఉండాలి. నా మనవరాలి కన్ను మీద చుక్కలు చుక్కలుగా, పొయ్యి మీంచి నిప్పురవ్వలు పడి బట్ట కాలినట్టుంది. గనిలోని ఎండిన గాలికి, ఆ రెప్ప వెయ్యని పౌరుషానికి మూల్యం అది. తెల్లగుడ్డంతా సన్నటి ఎర్రదారాలు.

చిత్ర అడిగింది, "నా కన్నేనా అది?"

నమోదు 215

పెద్దల ముందు చెప్పింది బాషానే. నేనే చెబుదామనుకుని వెళ్ళాను గానీ అతను మొదలుపెట్టాక ఊరుకున్నాను. నా కంటే బాగా చెబుతున్నాడు. అలాంటప్పుడు ఊరుకోవడం కూడా బడిపంతులు నేర్చుకోవాల్సిన విద్యే, ఆలస్యంగానైనా.

కంటి మీద ఉండేది ఉత్త నీళ్ళు కాదన్నాడు. అడుగున జిగురు ఉంటుంది, నీళ్ళు కన్నును అంటిపెట్టుకోవడానికి. పైన పల్చటి నూనె ఉంటుంది, ఆ నీళ్ళు ఆవిరైపోకుండా. రెప్ప వేసినప్పుడల్లా ఆ నూనె కొత్తగా పరుచుకుంటుంది. రెప్ప వెయ్యకుండా గని గాలిలో కూర్చుంటే నూనె చెదిరి నీళ్ళు ఎగిరిపోతాయి. ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పుకు కంటి మీది కణాలు గాయపడి సాయానికి కేక వేస్తాయి. ఒంట్లో రోగాలతో పోరాడే దండు ఉంది కదా, అది పరిగెత్తుకొస్తుంది.

ఇక్కడిదాకా కదిరప్ప తలూపుతూ విన్నాడు. దండు వస్తే మంచిదే కదా అన్నాడు.

వచ్చి వెళ్ళిపోతే మంచిదే అన్నాడు బాషా. అక్కడ శత్రువు లేడు. ఉన్నదల్లా ఉప్పు. కొట్టడానికి ఎవరూ దొరక్క ఆ దండు అక్కడే మకాం వేసి, కాపాడ్డానికొచ్చిన ఊరినే తగలబెడుతుంది. జిగురు చేసే కణాలను చంపుతుంది. నీళ్ళు ఊరే గ్రంథిని పాడుచేస్తుంది. దాంతో కన్నీరు ఇంకా చెడిపోతుంది, ఉప్పు ఇంకా పెరుగుతుంది, దండుకు ఇంకా కేక వెళుతుంది. ఇలా తనను తానే తిప్పుకునే గానుగ అది. మధ్యలో ఎక్కడో ఆ మంటను ఆర్పకపోతే ఆగదు.

"మరి ఆ కారే నీళ్ళు?" అడిగాడు కదిరప్ప.

మంట భరించలేక మెదడు ఒక్కసారిగా పెద్ద గ్రంథిని తెరిచేస్తుంది, వరదలా. అందులో జిగురు లేదు, నూనె లేదు. కంటి మీద నిలవకుండా బుగ్గ మీదికి దొర్లిపోతుంది. ఆ పిల్ల కళ్ళు ఎండిపోవడం వల్లే కారుతున్నాయి అన్నాడు బాషా.

గదిలో పెద్ద నవ్వు. ఎవరో బాషాను కాస్త నీళ్ళు తాగమన్నారు. కదిరప్ప నవ్వలేదు. అతనికి నవ్వు కంటే అనుమానం ఎక్కువ.

"ఊరికి నీళ్ళు ఎట్ల పనికొస్తాయో నాకు తెల్సు డాక్టరూ," అన్నాడు. "మంట ఆర్పల్లంటే నీళ్ళే పొయ్యల్ల. ఇంగేం పోస్తావు?"

"నూనె," అన్నాను నేను. ఇక ఆపుకోలేకపోయాను.

నమోదు 216

గోడ తెరిచేదాకా మా నూనె వైద్యం చూద్దామని పెద్దలతో పాటు కదిరప్పా ఒప్పుకున్నాడు. మందు పేరు సైక్లోస్పోరిన్. ఊళ్ళో మూత్రపిండం మార్పించుకున్న ఒకాయన ఉన్నాడు. కొత్త మూత్రపిండాన్ని ఒంట్లోని దండు శత్రువనుకుని చంపకుండా ఉండటానికి ఆయనకు రోజూ ఇస్తారు. ఒక బూజు నుంచి వస్తుంది. ఆ బూజును పెంచేది నా కూతురు కుందు, పుట్టగొడుగుల గది వెనక, తెల్లటి గాజు పలకల మీద. ఒళ్ళంతటినీ శాంతపరిచే మందును చిటికెడంత తీసి కంటి దండును మాత్రం శాంతపరచవచ్చని బాషా పాత వైద్యగ్రంథాల్లో చదివాడు. నేనూ చదివాను, అతని కంటే ముందే. తేదీలు అడగొద్దు.

చిక్కేమిటంటే అది నీళ్ళలో కరగదు. నూనెలోనే కరుగుతుంది. ఆ నూనె కూడా ఆముదమైతే మేలు. కోతయంత్రాల కీళ్ళకు రాయడానికి మా ఊళ్ళో ఆముదం చెట్లు పెంచుతాం. నీళ్ళ కోసం చచ్చే ఊరికి నూనెలో ఉండే కంటిమందు. ఇది విని కుందు నవ్వీ నవ్వీ పలక ఒకటి వలకబోసింది.

మా ఇంట్లో కలుపుదామన్నాను. బాషా ససేమిరా అన్నాడు. కంట్లో వేసే మందులో ఒక్క మురికి రేణువు ఉన్నా మొదటికే మోసమన్నాడు.

"పులుసు కాదు మేడం ఇది, మీ వంటింట్లో కలపనీకి," అన్నాడు.

నా పులుసు తినే డాక్టరయ్యాడు గానీ, సంగతి మాత్రం నిజమే. వడపోత గదిలో, చేతులకు తొడుగులు వేసుకుని, తల్లీ కూతుళ్ళం అతను చెప్పినట్టు పట్టుకుంటే, అతనే కలిపాడు. పాల రంగులో, వేలి కొనంత సీసాలో తయారైంది. మూత్రపిండం ఆయన తన వంతులోంచి చిటికెడు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. చిత్ర తీసిన మంచుతోనే ఇన్నేళ్ళూ బతికానన్నాడు. ఆ మాట పేటికలో ఉండాలని ఇక్కడ రాస్తున్నాను.

నమోదు 219

మందు మండుతుంది. ముందే చెప్పాడు బాషా. పైగా నెమ్మదైన మందు. దండు ఒక్క రోజులో మకాం ఎత్తదు. వారాలు పడుతుంది. మొదట్లో ఇంకా ఎక్కువైనట్టే ఉంటుంది.

చిత్ర పొద్దునా సాయంత్రమూ చుక్క వేసుకుని, పళ్ళు బిగించి కూర్చుంటుంది. తర్వాత వేడిగుడ్డ రెప్పల మీద పెడతాను, రెప్పల్లో గడ్డకట్టిన నూనె కరగడానికి. ఆ తర్వాత రెప్ప వేయించడం. నిండుగా, పైరెప్ప కిందిరెప్పను తాకేలా. సగం రెప్పలు నేను ఒప్పుకోను. బడిలో సగం జవాబులు ఒప్పుకోలేదు, ఇప్పుడు ఇవెలా ఒప్పుకుంటాను.

పక్కింటావిడ కిటికీలోంచి చూసి, మంచుచూపరికి రెప్ప వెయ్యడం నేర్పుతున్నావా అక్కా అని ముక్కు మీద వేలేసుకుంది. అవునన్నాను. చేపకు ఊపిరి పీల్చడం కూడా నేర్పుతానన్నాను.

ఇవాళ చిత్ర సీసా బల్ల మీద పెట్టేసింది.

"ఇంగ వద్దవ్వా," అంది. "మడ్డిగదికే పోతాలే. అక్కడ చూపుతో పని లేదు. నువ్వు నన్ను చూసి అంతగా మురిసిపోకుండుంటే నేనెప్పుడో పోయుందును."

ఆ మాట నాకు గుచ్చుకుంది. చేతిలోని వేడిగుడ్డ మడత పెట్టాను.

"నేను మురిసిపోయేది నువ్వు రెప్ప వెయ్యవని కాదే," అన్నాను. "గోడలో లేనిదాన్ని ఉందని నువ్వెప్పుడూ చెప్పలేదు. ఆ నిజాయితీకి. అది మడ్డిగదికి నీతో పాటే వస్తాది, పో. కానీ గోడ దగ్గర ఎవురుంటారు, చెప్పు."

అది సీసా తీసి నా చేతిలో పెట్టింది. తర్వాత తల వెనక్కి వాల్చింది. నేనే వేశాను.

నమోదు 224

కారడం ఆగింది. రాత్రికి రాత్రి కాదు, ఒక పూట తక్కువ, ఒక పూట ఎక్కువ, అలా వారాలు పట్టింది. ఇవాళ కొలతగడప దగ్గర గంట కొట్టలేదు. నేను వీధిలోనే ఉన్నాను. గంట కొట్టకపోవడం అంత హాయిగా ఉంటుందని నాకు తెలియదు.

సాయంత్రం కదిరప్ప వచ్చాడు. చేతిలో దొప్పలు. ఖాళీ దొప్పలు.

నేను చెప్పింది విన్నందుకు తనకు బుద్ధి లేదన్నాడు. పిల్ల దగ్గర పొంగే నీళ్ళుండేవి. ఇప్పుడు చుక్క లేదు. మా ఆముదం ఊరి నీళ్ళు తాగేసిందని, పిల్లను ఎండగొట్టామని, పెద్దలతో చెప్పబోతున్నానన్నాడు. ఇన్నేళ్ళలో ఎవరి కళ్ళూ ఇంత తొందరగా పొడిబారడం చూడలేదట.

అతని కోపంలో నిజమైన భయం ఉంది. ఈ ఊళ్ళో ఏదైనా ఎండిపోవడమంటే ఏమిటో ఆ కరువులో చూసినవాడు. అందుకని నేను వెక్కిరించలేదు. చిత్రనూ అతన్నీ ఆసుపత్రికి తీసుకెళ్ళి, అతని ముందే దాన్ని నీలం దీపం కింద కూర్చోబెట్టి, బాషాను రంగు వెయ్యమన్నాను.

చుక్కలు చాలావరకు పోయాయి. అక్కడక్కడా నాలుగైదు మిగిలాయి. తక్కినదంతా అద్దం. బాషా రెప్ప అంచున చుక్క తీసి గని పరికరంలో పెట్టాడు. ఉప్పు తగ్గింది.

కదిరప్ప ఆ అంకె చూశాడు. అర్థం చేసుకున్నాడు, ఉప్పు అతనికి తెలిసిన విద్యే. అయినా ఒప్పుకోలేదు. అంకె మంచిదే కావచ్చు, చూపు ఉందో లేదో గోడ చెప్పాలి అన్నాడు. ఉత్తరపు గోడ ఎల్లుండి తెరుస్తున్నారు.

"గోడే చెప్తాది మామా," అంది చిత్ర. "నేను చదివి వినిపిస్తా."

నమోదు 226

జీవితంలో మొదటిసారి గనిలోకి దిగాను. మోకాళ్ళు బాగున్నాయని మొదట్లో రాశాను. ఆ వాక్యం ఉపసంహరించుకోను గానీ, మెట్లు చాలా ఉన్నాయి.

ఉత్తరపు గోడ మీద ఊరికి ఎన్నో ఆశలు. తడి పసిగట్టే యంత్రాలన్నీ ఆ గోడ వెనక కావలసినంత ఉందని చెబుతున్నాయి. కొత్త ఇళ్ళకు గీతలు కూడా గీసుకున్నారు. పెద్దలందరూ వరసగా నిలబడ్డారు. కుందు నా చెయ్యి పట్టుకుని నలిపేస్తోంది. బాషా ఒక మూల నిలబడి తన చేతి గోళ్ళు చూసుకుంటున్నాడు.

చిత్ర దుర్భిణి ముందు కూర్చుంది. యంత్రం మోగింది. అది చూసింది. రెప్ప వేసింది. యంత్రం ఆగింది. మళ్ళీ చూసింది, మళ్ళీ రెప్ప వేసింది. యంత్రం మోగడం, ఆగడం. వెనక ఎవరో నిట్టూర్చారు. ఇంకెవరో నాలుక చప్పరించారు. రెప్ప వేసే మంచుచూపరిని ఈ గని ఇంతవరకు చూడలేదు. నేను ముఖం కదలనివ్వలేదు. చిత్ర తొందరపడలేదు. నిండుగా రెప్ప వేస్తూ, పుస్తకం పేజీలు తిప్పినట్టు గోడను ఈ చివర నుంచి ఆ చివరకు చదివింది. ఆ చదువు చూస్తుంటే నాకు బడి గుర్తొచ్చింది, వేలితో అక్షరాలు చూపిస్తూ చదివే పిల్ల కాదు, చదివింది అర్థమవుతున్న పిల్ల.

చాలాసేపటికి లేచింది.

"ఈ గోడ కొయ్యొద్దు," అంది. "ఇది ఉప్పు మంచు."

అందరూ ఇన్నాళ్ళూ కలలుగన్న గోడ. కదిరప్ప ముందుకొచ్చి, యంత్రాలు నీళ్ళున్నాయంటున్నాయి కదా అన్నాడు.

"తడి ఉండాది మామా. తాగే నీళ్ళు లేవు. మెరుపు చూడు, నీలంగా జారతాండాది. మంచి మంచు అట్ల జారదు, నిలబడతాది." తర్వాత అది మోకాళ్ళ మీద కూర్చుని, గోడ మొదట్లో, మా అందరి కాళ్ళ దగ్గర, వేలు పెట్టి చూపించింది. నాకక్కడ రాయి తప్ప ఏమీ కనబడలేదు. "ఇక్కడుండాది. సన్న పాయే. కిందికి పోయేకొద్దీ వెడల్పవుతాది."

రెండు చోట్లా వేలెడేసి లోతుకు తొలిచి, మంచు తీసి, రెండు గిన్నెల్లో కరిగించారు. కొత్త గోడ నీళ్ళు మొదట నీరగంటే రుచి చూడాలని ఆచారం. కదిరప్ప ఉత్తరపు గోడ గిన్నె ఎత్తి నోట్లో పోసుకున్నాడు.

మా ఊళ్ళో నీళ్ళు ఉమ్మడం నేరం. నీరగంటి ఉమ్మితే ఊళ్ళోంచి పంపించేస్తారు. అతను ఆ గుక్క నోట్లో పెట్టుకుని నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దవడలు కదిలాయి. అందరూ అతని గొంతునే చూస్తున్నారు. చివరికి మింగాడు. ఆ ముఖం రాతలో పట్టదు. ఇలాంటప్పుడే బొమ్మ గీయడం అందరికీ ఎందుకు నేర్పాలో తెలుస్తుంది.

తర్వాత రెండో గిన్నె తీసుకుని కొంచెం తాగాడు. కళ్ళు మూసుకున్నాడు. ఇంకొంచెం తాగబోయి, ఆచారం గుర్తొచ్చి ఆపాడు.

"తీపి," అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది. పెద్దల వైపు తిరిగి, కొత్త ఇళ్ళ గీతలు చెరిపెయ్యమన్నాడు, పాయ వెంట కిందికి తవ్వాలన్నాడు. మంచుచూపరి చిత్రావతి చెప్పినట్టు తవ్వాలన్నాడు. ఆ పేరుకు ముందు ఆ మాట చేర్చి అనడంతో, దాని కుర్చీ దానికి ఖాయమైంది. రేపటి నుంచి గనిలో అందరి కళ్ళకూ రంగు వేసి చూడమని బాషాకు చెప్పాడు. పట్టీ తడిసినవాళ్ళను కూడా చూడమన్నాడు. పట్టీ తడిసినవాళ్ళనే ముందు చూడమని సరిదిద్దుకున్నాడు.

రెండో గిన్నెలో మిగిలింది పాయ కనిపెట్టినవాళ్ళది. ఎవరికి ఇవ్వాలన్నది వాళ్ళ ఇష్టం. తల్లికిస్తారు, గురువుకిస్తారు, పెద్దలకిస్తారు. గనిలో ఉన్న ప్రతివాళ్ళూ నా వైపు తిరిగారు. బాషా అయితే చప్పట్లు కొట్టడానికి చేతులు కూడా ఎత్తాడు. నేను మాత్రం మామూలు మనిషిని కానా? కొంగుతో పెదవులు తుడుచుకున్నాను. రెండడుగులు ముందుకు వేశాను కూడా.

చిత్ర గిన్నె తీసుకుంది. నా వైపు చూసింది. ఎర్రదారాలు లేని తెల్లగుడ్డు, అందులో నల్లటి పాప, తడిగా, నిలకడగా. నిండుగా ఒకసారి రెప్ప వేసింది. గిన్నె తన నోటికే ఎత్తి, గటగటా, అడుగున ఒక్క చుక్క మిగల్చకుండా తాగేసింది.

కుందు సిగ్గుతో తల దించుకుంది. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను వేసిన రెండడుగులు వెనక్కి వేసి, గోడకు ఆనుకుని, గనంతా మార్మోగేలా నవ్వాను.